బోట్ లిఫ్టు కానొపీ మార్పిడి ఖర్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

బోటును నీటి నుంచి పైకెత్తి నిలిపే లిఫ్టు మీద, ఎండకూ వానకూ అడ్డుగా చట్రానికి బిగించే గుడ్డ పైకప్పే కానొపీ. దాన్ని మార్చే సమయం వచ్చిన ప్రతి ఒక్కరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తుంటాయి కాబట్టి అన్నింటినీ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తి జవాబుతో ఉంటుంది. కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. డబ్బు అంకెలు మాత్రం ఇవ్వలేదు. అవి చోటును బట్టి, ఏడాదిని బట్టి మారిపోతాయి. ఆ అంకె ఎలా తయారవుతుందో తెలిస్తే చేతికి వచ్చిన కొటేషన్‌ను మీరే బేరీజు వేసుకోగలరు.

## మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

గుడ్డ అక్కడక్కడా చిరిగింది. మాసిక వేయిస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా?

చిరుగు ఎంత పెద్దదో చూసేముందు గుడ్డలో ఇంకా బలం ఉందో లేదో చూడాలి. చిరుగుకు రెండు వైపులా పట్టుకుని గట్టిగా లాగండి. సులువుగా ఇంకా చిరుగుతూ పోతే ఎండకు నూలు చచ్చిపోయిందని అర్థం. అలాంటి గుడ్డకు మాసిక వేస్తే మాసిక నిలుస్తుంది, దాని పక్కనే కొత్త చిరుగు మొదలవుతుంది. ఇదే పరీక్షను నడినెత్తిన ఒకసారి, మడత కింద నీడపట్టున ఉన్న అంచులో మరోసారి చేసి పోల్చండి. రెండుచోట్లా గట్టిగానే ఉండి, కొమ్మ గీసుకునో బోటు యాంటెన్నా గుచ్చుకునో ఒకచోట మాత్రమే చిరిగి ఉంటే మాసిక చాలు. వినైల్ (ప్లాస్టిక్ పూత ఉన్న) గుడ్డకైతే అదే రకం ముక్కను జిగురుతో గానీ వేడితో గానీ అతికిస్తారు. నేసిన గుడ్డకు కుట్టాలి.

గుడ్డ గట్టిగానే ఉంది, కుట్లు ఊడిపోతున్నాయి. ఇదీ మార్చాల్సిందేనా?

అక్కర్లేదు. డబ్బు అనవసరంగా పోయేది ఎక్కువగా ఇక్కడే. ఎండకు గుడ్డ కన్నా ముందు దారం పాడవుతుంది. అతుకు మీద గోటితో గీయండి. దారం పొడిపొడిగా రాలినా, పుటుక్కున తెగినా దాని పని అయిపోయినట్టే. గుడ్డ బాగుంటే మొత్తం అతుకులన్నీ మళ్లీ కుట్టిస్తే సరిపోతుంది. కొత్త కానొపీ ధరలో ఇది చిన్న భాగమే అవుతుంది. ఊడిన చోట మాత్రం కుట్టించి ఊరుకోకండి. మిగతా దారం వయసూ అంతే కదా!

చట్రం కూడా మార్చాలని అంటున్నారు. నిజంగా అవసరమా?

చట్రంలో చూడాల్సినవి మూడు. వంపు గొట్టాలు సొట్టలు పడ్డాయా, కీళ్ల దగ్గర బోల్టులు వదులై రంధ్రాలు కోలగా సాగాయా, ఇనుప గొట్టమైతే తుప్పు పైపైనే ఉందా లేక లోపలికి తిన్నదా. ఒకటి రెండు గొట్టాలు వంగితే వాటినే విడిగా తెప్పించుకోవచ్చు. సాధారణంగా అల్యూమినియం చట్రం రెండు మూడు గుడ్డలను చూస్తుంది. అయితే వంకర చట్రం మీద కొత్త గుడ్డ వేయడం శుద్ధ దండగ. ఒక మూల బిగువుగా, మరో మూల వదులుగా ఉంటుంది. వదులుగా ఉన్న మూల గాలికి కొట్టుకుని అక్కడే ముందు చిరుగుతుంది.

అసలు కానొపీ లేకుండా గడిపేస్తే ఆ ఖర్చు మిగలదా?

బోటుకు ఒంటికి పట్టే కవరు ఉండి, ప్రతిసారీ ఓపికగా తొడిగేవారైతే మిగలవచ్చు. లేకపోతే ఎండ సీట్ల వినైల్‌ను, డాష్‌బోర్డును, పై పూత మెరుపును తినేస్తుంది. సీట్లకు కొత్త తొడుగులు వేయించడానికి ఎంతవుతుందో ఒకసారి అడిగి చూడండి, తేల్చుకోవడం తేలికవుతుంది.

## కొటేషన్ చేతికి వచ్చాక

ఒక్క గుడ్డ ముక్కకు ఇంత ధరా?

ముక్క అనిపిస్తుంది గానీ లెక్క వేస్తే పెద్ద గుడ్డే. 24 అడుగుల పొడవు చట్రాన్ని తీసుకుందాం. వంపు మీదుగా అడ్డకొలత 12 అడుగులు అనుకుందాం. నాలుగు వైపులా అడుగున్నర చొప్పున కిందికి దిగే అంచు కలిపితే గుడ్డ 27 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు అవుతుంది. అంటే 405 చదరపు అడుగులు, దాదాపు 37.6 చదరపు మీటర్లు. ఈ గుడ్డలు సుమారు మీటరున్నర పన్నాతో వస్తాయి కాబట్టి ఆరు పన్నాలు అతకాలి. అతుకులూ చుట్టూ మడత అంచూ కలిపి, రెండు వరుసల కుట్టు వేస్తే దాదాపు 100 మీటర్ల కుట్టు పడుతుంది. బరువైన గుడ్డను పెద్ద బల్ల మీద పరిచి, మిషను కింద తిప్పుతూ కుట్టాలి. మూలల దగ్గర, గొట్టం రాసుకునే చోట అదనపు పొరలు వేయాలి. ధరలో గుడ్డతో పాటు ఈ కూలి కూడా చెప్పుకోదగ్గంత ఉంటుంది.

కొంచెం పెద్ద లిఫ్టే కదా, ధర అంతగా ఎందుకు పెరిగింది?

పొడవూ వెడల్పూ రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి. అంచులతో కలిపి 27 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉండే గుడ్డ 405 చదరపు అడుగులు. అదే 33కు 17 అయితే 561. కంటికి ఆరడుగులు, రెండడుగుల తేడానే గానీ గుడ్డ దాదాపు 39 శాతం పెరిగింది. అతుకులూ బరువూ రవాణా ఖర్చూ దాని వెంటే పెరుగుతాయి.

ఒకే కొలతకు ఇద్దరు చెప్పిన ధరల్లో సగానికి సగం తేడా ఉంది. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కాకపోతే రెండు వేర్వేరు వస్తువులకు చెబుతున్నారు. గుడ్డ పేరు, చదరపు గజానికి ఎన్ని ఔన్సులు లేదా చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు, ఏ దారం, పక్కలకు దిగే అంచు ఎన్ని అంగుళాలు, రాపిడి పడేచోట అదనపు పొర ఉందా, బిగింపు సామగ్రి కలిపారా, రవాణా ఎవరిది, పాతది విప్పి కొత్తది బిగించడం అందులో ఉందా... ఇవన్నీ రాతలో అడిగి తీసుకోండి. తక్కువ ధర చెప్పినవారి దగ్గర సాధారణంగా లోటు కనిపించేది పక్క అంచులోనే. 18 అంగుళాల అంచును 8 అంగుళాలకు కుదిస్తే గుడ్డ బాగా మిగులుతుంది. కానీ పొద్దు వాలే వేళ ఏటవాలు ఎండ నేరుగా సీట్ల మీద పడుతుంది.

లిఫ్టు తయారుచేసిన కంపెనీ దగ్గరే కొనాలా?

తప్పనిసరి ఏమీ లేదు. కంపెనీ గుడ్డ అయితే కొలతల బాధ వారిదే. లిఫ్టు మీద అతికించిన పట్టీలో ఉన్న మోడల్, సీరియల్ నంబర్లు చెబితే సరిపోయే గుడ్డ వస్తుంది. పేరున్న లిఫ్టుల కొలతలు బయట కుట్టేవారి దగ్గర కూడా ఉంటాయి. అక్కడ గుడ్డ, దారం మీకు నచ్చినవి ఎంచుకునే వీలుంటుంది. ఎవరో ఇంటి దగ్గర కట్టించుకున్న చట్రమో, మధ్యలో మార్పులు చేసిన చట్రమో అయితే బయట కుట్టించడమే దారి.

కొలతలకు పాత గుడ్డను పంపితే చాలదా?

పంపండి, కానీ దాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోనివ్వకండి. ఏళ్ల తరబడి బిగువు మీద ఉన్న గుడ్డ ఒక పక్క సాగి ఉంటుంది, మరో పక్క ముడుచుకుని ఉంటుంది. చట్రాన్ని కొలవాలి. బయటి అంచు నుంచి బయటి అంచుకు పొడవు, వెడల్పు, ఒక వైపు నుంచి మరో వైపుకు వంపు మీదుగా టేపు పరిచి తీసిన కొలత, వంపు గొట్టాల మధ్య దూరం, రెండు కర్ణాలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు). ఆ చివరి రెండూ సమానంగా లేకపోతే చట్రం వంకరగా ఉన్నట్టు. ముందు దాన్ని సరిచేసి మళ్లీ కొలవండి. కొలత ఇచ్చి కుట్టించిన గుడ్డను వెనక్కి తీసుకోరు కనుక, ఈ అరగంట పని మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనది.

ఎప్పుడు ఆర్డరు ఇస్తే చవగ్గా వస్తుంది?

బోట్లు నీటిలోకి దిగే సీజనుకు ముందు అందరూ ఒక్కసారే ఎగబడతారు. అప్పుడు బేరమూ ఉండదు, వారాల తరబడి ఎదురుచూపూ తప్పదు. సీజను ముగిసిన వెంటనే, చట్రం కళ్ల ముందు ఉండగానే కొలిచి ఇస్తే ధరలోనూ శ్రద్ధలోనూ మేలు.

## గుడ్డా దారమూ ఎంచుకునేటప్పుడు

వినైల్ మంచిదా, యాక్రిలిక్ మంచిదా?

రెండూ వేర్వేరు పనులకు మంచివి. వినైల్ అంటే లోపల పాలిస్టర్ నేత, దానికి రెండు వైపులా పీవీసీ పూత. చుక్క నీరు దిగదు. అతుకులను వేడితో కరిగించి కలపవచ్చు కాబట్టి సూది రంధ్రాలూ ఉండవు. గొట్టం రాపిడిని బాగా తట్టుకుంటుంది. కాకపోతే గాలి ఆడదు, కింద చెమ్మ పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పూతను మెత్తగా ఉంచే పదార్థం తగ్గిపోయి గుడ్డ బిరుసెక్కుతుంది, గడ్డకట్టే చలిలో మడిస్తే పగులుతుంది.

యాక్రిలిక్ అంటే కృత్రిమ పీచుతో నేసిన గుడ్డ. ఇందులో రంగును దారం తీయకముందే, పీచు తయారీలోనే కలుపుతారు. అందుకే వెలిసిపోవడం బాగా తక్కువ. గ్లెన్ రావెన్ కంపెనీ 1961లో తెచ్చిన సన్‌బ్రెల్లా ఈ రకానికి పేరుపడినది. గాలి ఆడుతుంది, తేలిక. నీటిని జారవిడుస్తుంది గానీ పూర్తిగా ఆపదు. గుంటలో నీరు నిలిస్తే నెమ్మదిగా చుక్కలు దిగుతాయి. రాపిడికి మాత్రం బలహీనం. గొట్టాల మీద అదనపు పొర లేకుండా యాక్రిలిక్ కుట్టించడం అంటే చిరుగును ముందే కొనుక్కోవడం.

బరువు తేడా కూడా చూడండి. 405 చదరపు అడుగుల కానొపీ చదరపు గజానికి 18 ఔన్సులుండే వినైల్‌తో దాదాపు 23 కిలోలు తూగుతుంది. 9.25 ఔన్సుల యాక్రిలిక్‌తో 12 కిలోల లోపే. ఏటా విప్పి మళ్లీ వేసేవారికి, ముఖ్యంగా ఒక్కరే ఆ పని చేసుకునేవారికి, ఈ తేడా నడుముకు తెలుస్తుంది. బాగా గాలి కొట్టే చోట, చెట్ల కింద అయితే నా మొగ్గు వినైల్ వైపే. విపరీతమైన ఎండ, ఓ మోస్తరు గాలి ఉన్నచోట యాక్రిలిక్.

ఖరీదైన గుడ్డ కొంటే చివరికి లాభమేనా?

ధరను ఏళ్లతో భాగించి చూడాలి. భాగించేముందు రవాణా, బిగింపు ఖర్చులను కలపడం మరవకూడదు. లెక్క కోసం చవక గుడ్డ 100 వంతులు, ఖరీదైనది 150 వంతులు, ఏది కొన్నా రవాణా, బిగింపు కలిపి మరో 30 అనుకుందాం. చవకది 5 ఏళ్లు, ఖరీదైనది 10 ఏళ్లు వస్తే ఏడాదికి మొదటిది 26, రెండోది 18. ఖరీదైనదే లాభం. కానీ మీ లిఫ్టు గాలికి ఎదురుగా ఉండి ఏ గుడ్డయినా 4 ఏళ్లకే చిరుగుతోందనుకోండి. అప్పుడు ఏడాదికి 32.5, 45 పడతాయి. చవకదే మేలు. అందుకే పాత గుడ్డ ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది ఎంచుకోకండి. ఎండకు పోయి ఉంటే మంచి గుడ్డకు డబ్బు పెట్టండి. గాలికో రాపిడికో పోయి ఉంటే ఆ డబ్బు బిగింపు మీద, చట్రం మీద పెట్టండి.

మామూలు దారానికీ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) దారానికీ అంత తేడా ఉందా?

ఉంది. అదనంగా డబ్బు పెట్టదగ్గది ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. మామూలుగా వాడే పాలిస్టర్ దారం ఎండకు ఏటికేడు బలం కోల్పోతుంది. గోర్ కంపెనీ టెనారా వంటి పీటీఎఫ్ఈ దారానికి ఎండ తగిలినా ఏమీ కాదు. దారం ధర చూస్తే చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ మొత్తం కానొపీ ఖర్చులో దారం వంతు ఎంత? ఒక మధ్యరకం కానొపీకి దాదాపు 100 మీటర్ల కుట్టే ఉంటుంది. మధ్యలో ఒకసారి విప్పి, పంపి, మళ్లీ కుట్టించి, తిరిగి బిగించే ఖర్చు తప్పిందంటే ఆ తేడా వసూలైనట్టే. వేడితో అతికిన వినైల్‌కు దీని అవసరం అంచులకే ఉంటుంది. నాలుగైదేళ్లకు మించి రాని చవక గుడ్డకు ఈ దారం వేయించడం వృథా.

ఓ టార్పాలిన్ కప్పితే పోదా?

ఒక సీజను నెట్టుకురావడానికి సరే. పలుచని పాలిథిన్ టార్పాలిన్ ఎండకు త్వరగా పొడిబారి ముక్కలై నీటిలో కలుస్తుంది. ఆ చెత్త ఏరడం కూడా మీ ఖర్చే.

రంగును బట్టి ధర మారుతుందా?

మామూలు రంగుల్లో పెద్దగా మారదు. చారల డిజైన్లకు గుడ్డ వృథా ఎక్కువ కనుక కాస్త ఎక్కువ ధర అడగవచ్చు. ముదురు రంగు కింద వేడి ఎక్కువ, తెల్ల వినైల్ కింద వెలుతురు ఎక్కువ, దాని మీద పిట్టల రెట్టలు మరీ ఎక్కువగా కనిపిస్తాయి.

## బిగించేటప్పుడు

నేనే బిగించుకుంటే కూలి మిగులుతుంది కదా?

ఇద్దరు మనుషులు, గాలిలేని ఉదయం, ఒక నిచ్చెన ఉంటే చాలామంది చేసుకోగలరు. బోటును ముందే బయటికి తీయండి. కరెంటు మోటారున్న లిఫ్టయితే మెయిన్ ఆపేయండి. వినైల్‌ను ఎండలో కాసేపు పరిస్తే మెత్తబడి మాట వింటుంది. గొట్టాల మీద గరుకు అంచులు, బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొనలు ఉన్నాయేమో చేతి గుడ్డతో తుడుస్తూ పోండి. గుడ్డ తట్టుకున్నచోట ఆకురాయి పట్టి, పైన టేపు చుట్టండి. నడిమి నుంచి మొదలుపెట్టి రెండు చివరలకూ బిగించుకుంటూ పోవాలి. ఒక మూల పూర్తిగా బిగించేస్తే ఎదురు మూల అందదు. నీటి మీద నిచ్చెన వేయాల్సి వచ్చేటట్లయితే మాత్రం కూలి మిగుల్చుకోవాలని చూడకండి.

పాత హుక్కులు, సాగే తాళ్లు మళ్లీ వాడుకోవచ్చా?

స్టీలు హుక్కులు, బకిళ్లు తుప్పు లేకపోతే వాడుకోవచ్చు. సాగే తాళ్లు వద్దు. లోపలి రబ్బరు చచ్చిపోయినా పైనున్న అల్లిక చూడటానికి బాగానే ఉంటుంది. కొత్త గుడ్డను పాత తాళ్లకు కడితే మొదటి గాలికే వదులవుతుంది, ఆ తర్వాత కొట్టుకుంటూనే ఉంటుంది.

## బిగించాక

గాలివాన సూచన వస్తే ప్రతిసారీ విప్పాలా?

మామూలు గాలికి అక్కర్లేదు, తుపాను హెచ్చరిక ఉంటే విప్పాలి. గంటకు 72 కిలోమీటర్ల గాలి తనకు ఎదురైన ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 25 కిలోల ఒత్తిడి పెడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 37 చదరపు మీటర్ల గుడ్డ కిందికి గాలి చొరబడితే గుడ్డ ఒక్కటే పోదు, చట్రం వంగుతుంది, లిఫ్టే కదిలిపోవచ్చు. అప్పుడు నష్టం కానొపీ ధరతో ఆగదు. విప్పడానికి వీలుగా ముందే కుట్టించుకోవడం, అంటే త్వరగా వదిలే బకిళ్లు పెట్టించుకోవడం మంచిది. మంచు కురిసే చోట చలికాలానికి ముందే విప్పి, పూర్తిగా ఆరబెట్టి, ఎలుకలు చేరని చోట దాచాలి.

పైన నీళ్లు నిలుస్తున్నాయి. గుడ్డ లోపమా?

ఎక్కువసార్లు బిగువు లోపం. ఒక చదరపు మీటరు గుంటలో సెంటీమీటరు లోతు నీరు నిలిస్తే 10 కిలోల బరువు. ఆ బరువుకు గుడ్డ ఇంకా సాగుతుంది, గుంట ఇంకా లోతవుతుంది. వెంటనే బిగించండి. బిగించినా నిలుస్తుంటే వంపు గొట్టాల మధ్య దూరం ఎక్కువై ఉండవచ్చు. మరో గొట్టం వేయించడం కొత్త గుడ్డ కన్నా చాలా చవక.

శుభ్రం చేయడానికి మనిషిని పెట్టాలా?

అవసరం లేదు. గోరువెచ్చని నీటిలో తేలికపాటి సబ్బు, మెత్తని బ్రష్, ఆ తర్వాత సబ్బు పోయేదాకా మంచినీళ్లు. గాలికే ఆరనివ్వాలి. యాక్రిలిక్ మీద కనిపించే బూజు పీచును తినదు, దాని మీద పేరుకున్న మట్టి, ఆకుల రసం మీద పెరుగుతుంది. మట్టి లేకపోతే బూజూ లేదు. ఎక్కువ ఒత్తిడితో నీరు కొట్టే యంత్రాన్ని దగ్గర పెట్టకండి. నీటిని జారవిడిచే పూత లేచిపోతుంది. ఆ పూతను కొన్నేళ్లకోసారి మళ్లీ కొట్టుకోవచ్చు.

పదేళ్ల వారంటీ ఉంది కదా, మధ్యలో పోతే ఉచితంగా ఇస్తారా?

ఆ పదేళ్లు ఎవరి మాటో చూడండి. సన్‌బ్రెల్లా మెరైన్ రకానికి ఉన్న పదేళ్ల వారంటీ గుడ్డ తయారీదారుది. అది మామూలు వాడకంలో గుడ్డ రంగూ బలమూ పోవడానికి సంబంధించినది. కుట్టినవారి వారంటీ వేరే ఉంటుంది, మామూలుగా తక్కువ కాలానికే. గాలికి చిరగడం, రాపిడి, నీటి బరువుకు సాగడం, విప్పి బిగించే కూలి చాలా వారంటీల్లో ఉండవు. కొన్నింటిలో ఏడాది గడిచేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గుతూ పోతుంది. బిల్లు, గుడ్డ పేరు రాసిన కాగితం దాచుకోండి.

బీమా ఇస్తుందా?

గాలివానకో మంటకో పోతే కొన్ని పాలసీల్లో వస్తుంది. పాతబడి చిరిగితే రాదు. పాలసీలో మూడు సంగతులు వెతకండి. లిఫ్టు, కానొపీ పేరుతో సహా ఉన్నాయా, తరుగు తీసేసి ఇస్తారా లేక కొత్తదాని ధర ఇస్తారా, మొదట మీరు భరించాల్సిన మొత్తం ఎంత. మొదట భరించేదే కానొపీ ధరకు దగ్గరగా ఉంటే దరఖాస్తు పెట్టి లాభం లేదు.

విప్పిన పాత గుడ్డను ఏం చేయాలి?

బాగున్న భాగాన్ని ఒక మీటరు మేర కోసి మాసికల కోసం దాచండి, అదే రకం గుడ్డ మళ్లీ కొంటుంటే. మిగిలినది కట్టెల మీద, సామాను మీద కప్పడానికి పనికొస్తుంది. వినైల్‌ను మాత్రం తగలబెట్టవద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని. కొత్తది బిగించేవారే పాతది తీసుకుపోతారేమో కొటేషన్ దశలోనే అడగండి. అడిగితే చాలామంది అదనంగా ఏమీ వేయకుండానే ఒప్పుకుంటారు.